కొరత రోజుల్లో తోడు: సొంత నిల్వ, వాడకట్టు జట్టు, ఉమ్మడి కొనుగోలు, సంఘం... ఏది ఎవరికి సరిపోతుంది?

2023 జూలై చివర్లో హన్మకొండలో మా వీధిలోకి నీళ్లొచ్చిన రాత్రి మా ఇంట్లో రెండు బస్తాల బియ్యం ఉన్నాయి. వానాకాలం కదా అని ముందే తెప్పించి పెట్టుకున్నాం. కానీ అవి కింది గదిలో, నేల మీదే ఉన్నాయి. తెల్లారేసరికి రెండూ తడిశాయి. మురుగు కలిసిన నీళ్లు కాబట్టి కడిగి ఎండబెట్టుకునే వీలు కూడా లేదు, మొత్తం పారబోశాం. తర్వాత మూడు రోజులు పై అంతస్తు అక్క వాళ్లింట్లో తిన్నాం. వాళ్ల దగ్గర బియ్యం, పప్పు ఉన్నాయి కానీ గ్యాస్ అయిపోవచ్చింది. మా సిలిండర్ పైకి మోసుకెళ్లాం. ఎదురింటి వాళ్లు రెండు మంచినీళ్ల డబ్బాలు ఇచ్చారు. వాళ్ల నాన్నకు వేసే బీపీ గోలీలు అయిపోతే పక్కింట్లో అదే మందు దొరికింది. ఏ ఒక్క ఇంట్లోనూ అన్నీ లేవు. నాలుగిళ్లవి కలిపితే సరిపోయాయి.

అప్పటి నుంచి చుట్టాలు, తెలిసినవాళ్లు అడుగుతూనే ఉన్నారు: "మనం కూడా ముందే ఏదైనా ఏర్పాటు చేసుకోవాలి, ఏం చేద్దాం?" ఒకరు ఇంట్లో ఎక్కువ సరుకు పెట్టుకుంటే చాలంటారు. ఇంకొకరు కాలనీ అంతా కలిసి గోదాం లాంటిది పెడదామంటారు. ఊళ్లో వాళ్లు మహిళా సంఘం చూసుకుంటుందిలే అంటారు. ఇవన్నీ పనికొచ్చేవే, కానీ అన్నీ అందరికీ పనికిరావు. ఎవరి పరిస్థితికి ఏది నప్పుతుందో నేను చూసినంతలో, చేసి తెలుసుకున్నంతలో చెబుతాను.

## మన దగ్గర కొరత ఎలా వస్తుంది?

కొరత అనగానే అందరికీ ముందు బియ్యమే గుర్తొస్తాయి. నిజానికి మన వైపు బియ్యానికి అంత ఇబ్బంది రాదు. వరి పండే నేల, ఎక్కడ చూసినా రైస్ మిల్లులు. రేషన్ కార్డుంటే మనిషికి నెలకు 6 కిలోల సన్నబియ్యం వస్తాయి. 2025 జూన్‌లో వానలకు ముందే మూడు నెలల కోటా, అంటే మనిషికి 18 కిలోలు, ఒకేసారి ఇచ్చారు. 2020 లాక్‌డౌన్‌లో మనిషికి 12 కిలోల బియ్యం, కార్డుకు 1,500 రూపాయలు ఇచ్చారు. కార్డు లేనివాళ్ల సంగతి వేరు, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

మనల్ని ఇబ్బంది పెట్టేవి వేరే ఉన్నాయి. వరద వస్తే ముందు కరెంటు పోతుంది. కరెంటుతో మోటార్లు, నల్లా నీళ్లు పోతాయి. కాసేపటికి ఫోన్ టవర్లూ పోతాయి, దాంతో ఫోన్‌పే ఆగిపోతుంది. పాల ప్యాకెట్లు రావు, మందుల షాపు తెరవరు. 2023 జూలై 27న ముగిసిన 24 గంటల్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. అదే రోజు భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి మొత్తం మునిగి, జనం ఇళ్ల కప్పులెక్కితే హెలికాప్టర్లు రావాల్సి వచ్చింది. వరంగల్‌లో హంటర్ రోడ్, ఎన్టీఆర్ నగర్, సంతోషిమాత కాలనీ వైపు వాళ్లకు ఆ రోజులు నేను గుర్తు చేయక్కర్లేదు. ఇలాంటి కొరత రెండు రోజుల నుంచి ఐదారు రోజులు ఉంటుంది. తక్కువ రోజులే అయినా, మందులూ నీళ్లూ లేకపోతే ఆ రెండు రోజులే ప్రాణం మీదికి తెస్తాయి.

రెండోది దారి తెగడం. 2024 సెప్టెంబర్ 1న మహబూబాబాద్ జిల్లాలో ఇంటికన్నె, కేసముద్రం మధ్య రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి, కాజీపేట - విజయవాడ లైను కొన్ని రోజులు ఆగింది. ఇలాంటప్పుడు సరుకు పూర్తిగా మాయం కాదు, ఆలస్యమవుతుంది, ధర పెరుగుతుంది.

మూడోది పుకారు. 2024 జనవరి 2న లారీ డ్రైవర్ల సమ్మె మాట వినగానే పెట్రోల్ బంకుల ముందు బారులు తీరాం. 2016 నవంబర్‌లో ఉప్పు దొరకదట అన్న ఒక్క మాటకు చాలా చోట్ల జనం దుకాణాల మీద పడ్డారు. అంత పెద్ద సముద్ర తీరం ఉన్న దేశంలో ఉప్పు ఎందుకు అయిపోతుందని ఆగి ఆలోచించేంత నిదానం ఆ పూట ఎవరికీ లేదు. ఈ రకం కొరతను మనమే పుట్టిస్తాం.

నాలుగోది నోటు కొరత. 2016 నవంబర్ 8 తర్వాత దుకాణంలో సరుకు ఉంది, మన చేతిలో చెల్లే నోటు లేదు. అప్పుడు చాలా ఇళ్లు గడిచింది కిరాణం సేటు ఉద్దెర మీద. ఐదోది రైతుకు వచ్చేది. 2025 ఆగస్టు, సెప్టెంబర్‌లలో యూరియా కోసం చెప్పులు, పట్టాదారు పాస్‌బుక్కులు వరుసలో పెట్టి రాత్రంతా కాచుకున్నారు. దానికి ఇంటి నిల్వ ఏదీ పనిచేయలేదు.

## ఎంచుకునే ముందు చూడాల్సినవి

మొదట, ఎన్ని రోజుల కొరతకు సిద్ధపడుతున్నారో తేల్చుకోండి. మూడు రోజుల వరదకు కావలసిన ఏర్పాటు వేరు, పంట పోయిన ఏడాదికి కావలసింది వేరు.

తర్వాత, ఆ వస్తువు పంచుకోగలిగినదా అని చూడండి. బియ్యం కొలిచి ఇవ్వొచ్చు. నీళ్లు మోయాలి. ఇన్వర్టర్‌ను ఇవ్వలేరు కానీ దాని దగ్గరికి వచ్చి ఫోన్ చార్జ్ చేసుకోనివ్వొచ్చు. ఒకరి మందు ఇంకొకరికి ఇవ్వాలంటే చీటీ చూడాలి, గోలీ పేరుతో పాటు ఎన్ని మిల్లీగ్రాములో కూడా సరిపోవాలి.

మూడోది డబ్బు. రోజు కూలీ మీద బతికే ఇంటికి "పదిహేను రోజుల సరుకు ముందే కొనిపెట్టుకోండి" అని చెప్పడం తేలిక, అది చేయడం కష్టం.

నాలుగోది లెక్క. నా దృష్టిలో మిగతా అన్నిటికంటే ఇది పెద్దది. ఉమ్మడి ఏర్పాట్లు సరుకు లేక చెడిపోవడం నేను చూడలేదు. ఎవరు ఎంత ఇచ్చారు, ఎవరు ఎంత తీసుకున్నారు అన్నది రాయకపోవడం వల్ల, రాసినా అందరికీ చూపించకపోవడం వల్ల చెడిపోవడం చాలాసార్లు చూశాను. అందుకే ఎంత పెద్ద ఏర్పాటు చేయగలం అని ఆలోచించడానికి ముందు, ఎంత లెక్క విసుగు లేకుండా రాయగలం అని ఆలోచించమంటాను.

చివరిగా, ఎవరు బయట మిగిలిపోతున్నారో చూడండి. అద్దెకున్నవాళ్లు, హాస్టల్ పిల్లలు, ఇటుక బట్టీల్లో, మిల్లుల్లో పనిచేసే పరాయి రాష్ట్రాల వాళ్లు, పిల్లలు అమెరికాలో ఉండి ఇక్కడ ఒంటరిగా ఉన్న పెద్దవాళ్లు.

| పద్ధతి | ఎలాంటి కొరతకు | ముందు పెట్టే డబ్బు | లెక్క పని | ఎక్కడ దెబ్బతింటుంది |
|---|---|---|---|---|
| ఇంటి సొంత నిల్వ | 3 నుంచి 15 రోజులు | ఎక్కువ, ఒకేసారి | దాదాపు లేదు | నీళ్లు ఇంట్లోకి వస్తే మొత్తం పోతుంది |
| వాడకట్టు జట్టు | 2 నుంచి 7 రోజులు | చాలా తక్కువ | ఒక నోటుబుక్కు | అందరికీ ఒకేసారి ఒకే వస్తువు అయిపోతే |
| ఉమ్మడి కొనుగోలు | ధరల పెరుగుదల, నెలల తరబడి | మధ్యస్థం | ఎక్కువ | నాణ్యత గొడవ, ఆలస్యంగా డబ్బిచ్చేవాళ్లు |
| ఊరి గింజల నిల్వ | పంట పోయిన ఏడాది, పని దొరకని నెలలు | గింజల రూపంలో | చాలా ఎక్కువ | పురుగు, తేమ, ఊరి రాజకీయం |
| మహిళా సంఘం, సహకార సంఘం | అప్పు, ఎరువు, పెద్ద మొత్తం సరుకు | సభ్యత్వం, పొదుపు | వాళ్ల దగ్గర ముందే ఉంది | సభ్యులు కానివాళ్లు |
| ఉమ్మడి వంట | వరద రోజులు | తక్కువ | తక్కువ | నాలుగు రోజులు దాటితే అలసట |

## ఇంటి సొంత నిల్వ

ఇది లేకుండా మిగతావి నిలబడవు. మీ దగ్గర ఏమీ లేకపోతే జట్టులో తీసుకునేవాళ్లే అవుతారు, ఇచ్చేవాళ్లు కాలేరు.

నలుగురున్న ఇంటికి మనిషికి రోజుకు 400 గ్రాముల బియ్యం చొప్పున పదిహేను రోజులకు 24 కిలోలు కావాలి. పప్పు మూడున్నర కిలోలు, నూనె లీటరున్నర సరిపోతాయి. తాగడానికి, వంటకు మనిషికి రోజుకు 3 లీటర్ల నీళ్లు లెక్కేసుకుంటే మూడు రోజులకు 36 లీటర్లు, అంటే 20 లీటర్ల డబ్బాలు రెండు. పొయ్యి వెలిగించకుండా తినగలిగేవి కొన్ని ఉండాలి: అటుకులు, పల్లీలు, బెల్లం, పుట్నాలు. తొక్కులు మన ఇళ్లలో ఎలాగూ ఉంటాయి. చిన్న నోట్లలో కొంత నగదు కూడా ఉంచుకోండి.

ఇవన్నీ ఒకేసారి కొనే స్తోమత లేకపోతే నెలకు రెండు కిలోల బియ్యం, పావుకిలో పప్పు పక్కన పెడుతూ పోవచ్చు. పాతవి ముందు వండుకుని కొత్తవి వెనక పెట్టడం మరవొద్దు. బియ్యంలో వేపాకు, ఎండుమిర్చి వేస్తాం. కందిపప్పుకు కొంచెం ఆముదం పట్టించి ఎండబెడితే పురుగు పట్టదని మా అమ్మమ్మ చేసేది, నేనూ చేస్తాను, పనిచేస్తుంది. ఎక్కడ పెడుతున్నారన్నది మాత్రం ఎంత పెడుతున్నారన్నదాని కంటే ముఖ్యం. అటక మీద పెట్టండి. అటక లేకపోతే సజ్జ మీద, అదీ లేకపోతే మంచం మీద మూతబిగించిన డబ్బాల్లో. వరద నీళ్లు తగిలిన గింజలు, కూరగాయలు, తెరిచిన ప్యాకెట్లు పారేయాల్సిందే.

పెట్రోల్ డబ్బాల్లో నింపి ఇంట్లో దాచొద్దు. అది నిల్వ కాదు, ఇంటికి నిప్పు. గ్యాస్ విషయంలో వీలైతే రెండో సిలిండర్ కనెక్షన్ తీసుకోండి, అంతకుమించి పోగేయొద్దు.

## వాడకట్టు జట్టు

ఎనిమిది నుంచి పన్నెండు ఇళ్లు. ఉమ్మడి గోదాం లేదు, చందా లేదు, అధ్యక్షుడు లేడు. ఎవరి సరుకు వాళ్ల ఇంట్లోనే ఉంటుంది. ఎవరింట్లో ఏముందో, ఎవరికి ఏం కావాల్సి వస్తుందో ఒక నోటుబుక్కులో రాసి ఉంటుంది. అంతే.

ఇది మనకు కొత్త కాదు. సోలెడు బియ్యం, గిన్నెడు చక్కెర, చారెడు చింతపండు చేబదులు తెచ్చుకుని, జీతం వచ్చాక అదే కొలతతో తిరిగి ఇచ్చిన ఇళ్లలోనే మనం పెరిగాం. అపార్టుమెంట్లలోకి వచ్చాక అడగడం నామోషీ అయింది. పది నిమిషాల్లో యాప్‌లో సరుకు వస్తున్నప్పుడు పక్కింటి తలుపు ఎందుకు కొట్టాలి అనిపించడం సహజమే. వరద రోజున ఆ యాప్ తెరుచుకోదు, పక్కింటి తలుపే తెరుచుకోవాలి. ఏడాదంతా కొట్టని తలుపు ఆ రోజు కొట్టడానికి చేయి రాదు.

నోటుబుక్కులో మేం రాసుకున్నవి ఇవి. ఎవరింట్లో రెండో సిలిండర్ ఉంది. ఎవరికి ఇన్వర్టర్ ఉంది. బోరు ఎవరిది, చేదబావి ఎక్కడ ఉంది. మేడ మీద ఖాళీ గది ఎవరిది. కారు, ఆటో, ట్రాక్టర్ ఎవరికి ఉన్నాయి. నర్సుగా, మందుల షాపులో, కరెంటు పనిలో ఉన్నవాళ్లెవరు. మంచం మీద ఉన్న పెద్దవాళ్లు, పసిపిల్లలు, నెలలు నిండుతున్న ఆడవాళ్లు ఏ ఇంట్లో ఉన్నారు. ఇన్సులిన్ వేసుకునేవాళ్లు, డయాలసిస్‌కు వెళ్లేవాళ్లు ఎవరు.

జబ్బుల సంగతి వాట్సాప్ గ్రూపులో పెట్టొద్దు. ఆ పేజీ ఇద్దరి దగ్గరే ఉండాలి, ఆ ఇద్దరూ ఎవరన్నది అందరికీ తెలియాలి. వాట్సాప్ గ్రూపు ఉండొచ్చు కానీ కాగితం కావాలి, ఎందుకంటే మనకు ఆ పట్టిక అవసరమయ్యేది ఫోన్ పనిచేయని రోజునే.

ఇన్సులిన్ గురించి ఒక్క మాట. తెరవని సీసా ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. వాడుతున్న సీసా మామూలు గది వేడిలో దాదాపు 28 రోజులు ఉంటుంది, కానీ మన ఎండాకాలపు గదిని మామూలు గది అనలేం. కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ మీద ఫ్రిజ్ నడిచే ఇల్లు జట్టులో ఒక్కటున్నా అందరి సీసాలూ పేర్లు రాసి అక్కడ పెట్టొచ్చు. అది కూడా లేకపోతే, సీసాను ప్లాస్టిక్ సంచిలో చుట్టి, ఒక చిన్న మట్టికుండలో పెట్టి, ఆ కుండను తడి ఇసుక నింపిన పెద్ద కుండలో ఉంచండి. విరేచనాలైతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు చెంచాల చక్కెర, అరచెంచా ఉప్పు కలిపి తాగించడం ప్రతి ఇంట్లో ఒకరికైనా తెలిసి ఉండాలి. చెంచా అంటే టీ చెంచా, తలగొట్టి కొలవాలి.

దీని లోటు ఏమిటంటే, అందరికీ ఒకే వస్తువు ఒకేసారి అయిపోతే జట్టు ఏమీ చేయలేదు. పక్కపక్క ఇళ్లన్నీ ఒకే పల్లంలో ఉంటే అందరి ఇళ్లూ మునుగుతాయి. అందుకే జట్టులో కనీసం రెండిళ్లు మిట్ట మీద ఉన్నవి, లేదా పై అంతస్తువి ఉండేలా చూసుకోండి. అందుకోసం పక్క వీధికి వెళ్లాల్సి వచ్చినా సరే.

## ఉమ్మడి కొనుగోలు

ఐదారు ఇళ్లు కలిసి బియ్యం, పప్పు, మిర్చి, నూనె పెద్ద మొత్తంలో తెచ్చుకుని పంచుకోవడం. మనకు ఎనుమాముల మార్కెట్ పక్కనే ఉంది. మిర్చి బాగా వచ్చే ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఏడాదికి సరిపడా కొని, తొడిమలు తీసి, ఎండబెట్టి గిర్నీ పట్టించుకోవడం ఇప్పటికీ చాలా ఇళ్లలో ఉంది. దాన్నే నలుగురూ కలిసి చేస్తే ఆటో కిరాయి, గిర్నీ కాడ నిలబడే సమయం పంచుకోవచ్చు. కందులు కొత్తవి వచ్చే జనవరి, ఫిబ్రవరిలో పప్పు కొనుక్కోవచ్చు. బియ్యం అయితే కొత్తవి ముద్దవుతాయి కాబట్టి పాతబియ్యమే అడగండి.

గొడవ వచ్చేది ఇక్కడే. ఒకసారి మేం ఆరిళ్లం కలిసి కందిపప్పు తెప్పించాం. బస్తా విప్పాక రెండిళ్ల వాళ్లు పప్పు బాగోలేదని వద్దన్నారు. డబ్బు ముందు ఒకరే పెట్టారు కాబట్టి ఆ భారం వాళ్ల మీదే పడింది. పెద్ద మొత్తమేమీ కాదు, అయినా రెండు నెలలు మాటలు సరిగ్గా లేవు. తర్వాత రెండు నియమాలు పెట్టుకున్నాం: నమూనా పావుకిలో ముందు అందరిళ్లలో ఉడకాలి, ఆ తర్వాత డబ్బు చేతికొచ్చాకే బస్తా కొనాలి. అప్పటి నుంచి ఇబ్బంది రాలేదు.

వరదకు ఇది నేరుగా మందు కాదు. దీనివల్ల వచ్చే లాభం వేరే. మార్చిలో కలిసి మిర్చి కొన్నవాళ్లకు జూలైలో ఒకరింటికి ఒకరు వెళ్లడానికి మొహమాటం ఉండదు. 2023 జూలైలో టమాటా కిలో వంద దాటినప్పుడు మా వాళ్లు కొనడం మానేసి చింతపండుతో గడిపారు, ఎందుకంటే చింతపండు కలిసి కొన్నది ఇంట్లో ఉంది.

రైతులకు యూరియా విషయంలో కలిసి కొనడం కుదరదు, పాస్‌బుక్ ఎవరిది వాళ్లదే. కానీ 45 కిలోల బస్తాను చేబదులు ఇచ్చుకోవచ్చు. నాట్లు వెనకపడ్డ పొలానికి ఇంకా పది రోజులు టైముంటుంది, ముందు నాటిన పొలం చిరుపొట్టకు వచ్చి ఉంటుంది. ఎవరి పొలం ఏ దశలో ఉందో తెలిసిన ఐదుగురు రైతులు దొరికిన బస్తా ముందు అవసరమున్న మడికి వేసి, తర్వాత వచ్చిన బస్తాతో తీర్చుకోవచ్చు. రాసుకుంటేనే ఇది సాగుతుంది.

## ఊరి గింజల నిల్వ

మన పెద్దల కాలంలో ఇంటింటికీ గుమ్ములు, పాతరలు ఉండేవి. ఇప్పుడు వడ్లు కల్లం నుంచి నేరుగా మహిళా సంఘాలు నడిపే ఐకేపీ కొనుగోలు కేంద్రానికి, అక్కడి నుంచి మిల్లుకు పోతున్నాయి. పదెకరాలు వరి పండించే ఇల్లు కూడా బియ్యం దుకాణంలో కొంటోంది. కాబట్టి ఊరి నిల్వ పెట్టాలంటే కోత రోజుల్లోనే, వడ్లు కాంటా ఎక్కకముందే, ఇంటికో బస్తా పక్కన పెట్టాలి. ఆ తర్వాత అడిగితే ఎవరి దగ్గరా ఉండవు.

ఇలాంటిది నిలబెట్టి చూపించినవాళ్లు మన రాష్ట్రంలోనే ఉన్నారు. జహీరాబాద్ వైపు డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు 1990ల మధ్యలో పడావు పడ్డ భూములు సాగులోకి తెచ్చి, జొన్నలు ఊళ్లోనే నిల్వ చేసి, ఊళ్లోని పేద ఇళ్లకు తక్కువ ధరకు ఇచ్చాయి. ఎవరు ఎంత పేదవాళ్లో ఆఫీసు కాగితం చూసి తేల్చలేదు, ఊరివాళ్లే కూర్చుని తేల్చుకున్నారు. ఆ మాట మీద ఊరు నిలబడగలిగితేనే ఈ పద్ధతి పెట్టుకోండి.

కావాల్సినవి: మిట్ట మీద పొడి గది, కింద చెక్కలు, ఒకే కొలత పాత్ర, రెండు తాళాలు ఇద్దరి దగ్గర. వడ్లలో తేమ 14 శాతానికి మించొద్దు. తీసుకున్నవాళ్లు వచ్చే కోతకు తిరిగి కొలవాలి, కొంచెం కలిపి కొలవడమా అన్నది ముందే తేల్చుకోవాలి. ఏటా పాత గింజలు మార్చాలి. ఇంత పని ఎవరు చేస్తారు అన్నదానికి ఇద్దరి పేర్లు చెప్పలేకపోతే మొదలుపెట్టొద్దు. సగంలో ఆగిన గింజల నిల్వ ఊళ్లో పదేళ్ల పాటు నమ్మకాన్ని పాడుచేస్తుంది. పెద్ద వరదకు ఇది అక్కర్లేదు కూడా. పంట పోయిన ఏడాది, కూలి దొరకని నెలలు ఎదురయ్యే ఊళ్లకే దీని అవసరం.

## ఉన్న సంఘాన్నే వాడుకోవడం

ఊళ్లలో నేను మొదట చెప్పేది ఇదే. మహిళా సంఘాల్లో లెక్క రాసే అలవాటు ముందే ఉంది, తీర్మానాల పుస్తకం ఉంది, బ్యాంకు ఖాతా ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో గ్రామ సంఘాలు సభ్యుల అవసరం ముందే లెక్కగట్టి బియ్యం టోకుగా కొని, అప్పు మీద ఇచ్చి, వాయిదాల్లో తీర్చుకున్నాయి. ఆ అనుభవం ఉన్న అక్కలు ఇంకా ఊళ్లలో ఉన్నారు, వాళ్లను అడగండి.

హన్మకొండ జిల్లా భీమదేవరపల్లి మండలంలోని ములుకనూరు సహకార సంఘం 1956లో మొదలై ఇప్పటికీ నడుస్తోంది. అప్పు, ఎరువు, పంట అమ్మకం ఒకేచోట చూస్తుంది. అదే ఊరి నుంచి 2000లో మహిళల పాల సహకార సంఘం వచ్చింది, స్వకృషి పాలు దానివే. ఇంత కాలం నిలబడ్డ ఏర్పాటు పక్కనే ఉంటే కొత్తది పెట్టడం దండగ.

లోటు తెలిసిందే. సభ్యులు కానివాళ్లకు వాటా ఉండదు. సంఘంలో లేని ఒంటరి ముసలివాళ్లు, కొత్తగా వచ్చిన కూలీలు బయటే ఉంటారు. వాళ్ల కోసం విడిగా తీర్మానం రాయించండి.

## ఉమ్మడి వంట

కాలనీల్లో గణేశ్ కమిటీల దగ్గర పెద్ద బగోనాలు, పొయ్యిలు, టెంటు ఉంటాయి. అన్నదానం వండిన చేతులు ఉంటాయి. చందా లెక్క రాసే మనిషి ఉంటాడు. వరద రోజుల్లో ఇంటికో పొయ్యి వెలిగించడం కంటే ఒక మిట్ట మీద అందరికీ కలిపి వండితే గ్యాస్, నీళ్లు చాలా మిగులుతాయి. కమిటీతో ముందే మాట్లాడి, ఆ సామాను తాళం ఎవరి దగ్గర ఉంటుందో తెలుసుకుంటే చాలు.

## ఎవరికి ఏది?

పల్లపు కాలనీలో కింది ఇల్లు: ఇంట్లో వారానికి మించి నిల్వ పెట్టకండి, పెట్టింది అటక మీదే పెట్టండి. మిగతా వారం సరుకు పై అంతస్తు వాళ్లింట్లో మీ పేరు రాసి ఉంచండి. మీకు వాడకట్టు జట్టే ప్రధానం.

అపార్టుమెంటు: మీకు ముంపు భయం తక్కువ, కరెంటు భయం ఎక్కువ. లిఫ్టు ఆగితే నాలుగో అంతస్తు పెద్దావిడకు నీళ్లు ఎవరు మోస్తారన్నది ఇప్పుడే తేల్చుకోండి. సొంత నిల్వ పదిహేను రోజులు, దాంతో పాటు జట్టు. మోటారు నడిపే జనరేటర్‌కు డీజిల్ ఎంత ఉందో వాచ్‌మన్‌ను కాదు, అసోసియేషన్‌ను అడగండి. వాచ్‌మన్ కుటుంబాన్ని కూడా జట్టులో రాయండి.

ఊళ్లో రైతు ఇల్లు: కోతకు ఇంటికి సరిపడా వడ్లు ఉంచుకోండి, మిగతాది సంఘం ద్వారా. గింజల నిల్వ జోలికి రెండో ఏడు వెళ్లండి.

చదువుకునే పిల్లలు, అద్దె గదులు: హన్మకొండ, కాజీపేటల్లో గదికి ముగ్గురు నలుగురు ఉంటున్నారు. రేషన్ ఇక్కడ లేదు, అటక లేదు, డబ్బు నెలాఖరుకు ఉండదు. మీకు సాధ్యమైంది అటుకులు, పల్లీలు, ఒక నీళ్ల డబ్బా, ఒక పవర్‌బ్యాంకు. ఇంటి ఓనరమ్మను కలిసి వీధి జట్టులో మీ గదిని రాయించుకోండి. మీ దగ్గర సరుకు లేకపోవచ్చు, కానీ బరువులు మోసే వయసు, ఈత, బండి నడపడం ఉన్నాయి. జట్టుకు అవి బియ్యమంత అవసరం.

ఒంటరిగా ఉన్న పెద్దవాళ్లు: పిల్లలు డబ్బు పంపగలరు, ఆ రోజు తలుపు తట్టలేరు. దూరంలో ఉన్న పిల్లలకు నా మాట: అమ్మానాన్నల పక్కింటి వాళ్ల ఫోన్ నంబర్లు రెండు మీ దగ్గర ఉండాలి, వాళ్లకు మీ నంబరు తెలియాలి. నెల రోజుల మందులు ముందుండేలా చూడండి.

బట్టీల్లో, మిల్లుల్లో పనిచేసేవాళ్లు: 2020లో రోడ్ల మీద నడిచివెళ్లిన వాళ్లను చూశాం. వాళ్లకు జట్టు పెట్టుకోవడం వాళ్ల చేతిలో లేదు. దగ్గర్లో ఉన్న మనం వాళ్ల గుడిసెలు ఎన్నో, పిల్లలు ఎందరో మన నోటుబుక్కులో ఒక పేజీ రాసి, ఉమ్మడి వంట రోజున ఆ లెక్క కూడా కలిపి ఎసరు పెట్టాలి.

## మొదలుపెట్టడం

ఏది పెట్టుకోవాలో తేలకపోతే ఇంట్లో వారం నిల్వ, వీధిలో ఎనిమిది ఇళ్ల జట్టు, ఈ రెండింటితో మొదలుపెట్టండి. ఉమ్మడి కొనుగోలు తర్వాత, అదీ ఒక్క వస్తువుతో. మృగశిర కార్తె లోపు మొదటిసారి కూర్చోండి. ఒక గంట చాలు. గ్యాస్, నీళ్లు, మందులు, మేడ గది, ఈ నాలుగే మొదటి రోజు రాయండి. ఎవరింట్లో బంగారం, డబ్బు ఎంతుందన్న మాట అక్కడ రానివ్వొద్దు. పుకారు వచ్చినప్పుడు ఎవరూ వారం సరుకుకు మించి కొనం అని ఆ రోజే ఒక మాట అనుకోండి. ఆరు నెలలకోసారి నోటుబుక్కు తిరగరాయండి, ఎందుకంటే అద్దెకున్నవాళ్లు మారతారు, మందులు మారతాయి, పసిపిల్లలు పెద్దవుతారు.

మా వీధి నోటుబుక్కు పై అంతస్తు అక్క వాళ్లింట్లో, దేవుడి గూటి పక్కన మేకుకు వేలాడుతుంది. ప్లాస్టిక్ కవర్లో ఉంటుంది, పక్కనే టార్చిలైటు. 2023లో నీళ్లు ఎంత ఎత్తుకు వచ్చాయో కింద మా గోడ మీద మరక ఇంకా ఉంది. ఆ మరక కంటే పది అడుగుల పైన ఉంది ఆ మేకు.